వెనక గదికి లాగిన వైరు

ఇంటి వెనక షెడ్డు
ఫిబ్రవరి 24

తమ్ముడికి,

దీవెనలు రాయడం లేదు. రాయాలనిపించలేదు.

పద్నాలుగేళ్ళ కిందట నువ్వు ఆఫీసు కాగితం మీద ఒక మాట రాసి సంతకం పెట్టావు. "జాయింటు చేసిన వ్యక్తికి కాగితం చదవడం రాదు" అని. ఆ మాటని పెద్ద ఇంజనీరు పదిమంది ముందు నాకు చదివి వినిపించాడు. ముప్పై ఒక్క ఏళ్ళు గోతుల్లో కూర్చుని టెలిఫోను కేబుళ్ళు కలిపినవాణ్ణి నేను. నన్ను తీసుకెళ్ళి స్టోరులో తాళంచెవులకి కాపలా పెట్టారు. మిగిలిన నాలుగేళ్ళూ ఆ కుర్చీలోనే అరిగిపోయాను. నువ్వు ప్రమోషను మీద మేడెక్కి మిషన్ల గదిలో ఫ్యాను కింద కూర్చున్నావు. ఆ రోజు నుంచి నీ మొహం చూడలేదు. చూడాలనీ లేదు.

మరి ఎందుకు రాస్తున్నానంటే అవసరం. ఆ అవసరం మీ వదినది, నాది కాదు.

కిందటేడు ఆమెకి ఎడమవైపంతా పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది. కుడిచెయ్యి మాత్రం బాగుంది. ఇక నా సంగతంటావా, చెవులు రెండూ పోయాయి. ఎవరేం చెప్పాలన్నా పలక మీద రాసి చూపిస్తారు. ఆవిడ పిలిచినా నాకు వినపడదు. అందుకని మా అమ్మాయి ఒక మీట, ఒక ఎర్రదీపం కొనిచ్చింది. మీట మంచానికి కట్టి ఉంటుంది. దీపం నేనుండే షెడ్డులో ఉంటుంది. ఆమె నొక్కితే నాకు వెలుగుతుంది. మధ్యలో వైరు లేదు, వైఫై మీద పోతుంది. నొక్కిన కబురు ముందు గదిలో ఉన్న వైఫై పెట్టె దాకా వెళ్ళి తిరిగి షెడ్డుకి రావాలట. మధ్యలో మూడు మందపాటి గోడలు. అందలేదు. వెనక వరండాలో ఇంకో పెట్టె పెట్టి, ముందు పెట్టె నుంచి దానికి వైరు లాగమన్నాడు కొట్టువాడు.

వైరు లాగడం నాకొకడు నేర్పాలా? నేనే లాగాను. ప్లగ్గులు నేనే బిగించాను. లోపల ఎనిమిది తీగలు, నాలుగు జతలు. నీలం జత, దాని పక్కన నారింజ జత, తర్వాత ఆకుపచ్చ, ఆఖరున గోధుమరంగు. రెండు కొసలా అదే వరస. ఏ ఒక్క జతనీ విడదీయలేదు. జత విడదీసినవాడు జాయింటరే కాదని పెద్దమేస్త్రి మన ఇద్దరి చెంపలూ వాయించి నేర్పాడు, గుర్తుందో లేదో. బ్యాటరీకి టార్చిబల్బు కట్టి ఒక్కో తీగా చూశాను. ఎనిమిదికి ఎనిమిదీ వెలిగాయి. పెట్టె మీద పచ్చదీపం కూడా వచ్చింది.

అయినా ఎర్రదీపం ఒక్కోసారి ఎగ్గొడుతోంది.

మూడు వారాల కిందట పొద్దున పది గంటలప్పుడు ఆమె మీట నొక్కింది. వెలగలేదు. మళ్ళీ నొక్కింది. నేను షెడ్డులో పాత స్విచ్చి ఒకటి విప్పుకుంటూ కూర్చున్నాను. తనంతట తనే లేద్దామని చూసి కిందపడింది. గంటన్నర నేల మీదే ఉంది. కేకలేసిందట. ఎవరికి వినపడాలి, నాకా?

మా అమ్మాయి వచ్చి పలక మీద రాసింది. "నాన్నా, ఇంకొక్కసారి ఇలా జరిగితే అమ్మని మా ఇంటికి తీసుకెళ్ళిపోతాను. వాదించకు." దానిది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. అక్కడ నలుగురున్నారు. మీ వదినకి మంచం వేస్తే నాకు నిలబడ్డానికి కూడా చోటుండదు. ఉన్నా నేను వెళ్ళను. ఆ పలక చూసి మీ వదిన తల అడ్డంగా ఊపింది. నన్ను చూస్తూనే ఊపింది.

నువ్విప్పుడు ఏదో బడిలో ఈ పెట్టెలూ వైర్లూ చూస్తున్నావని మన పాత జీపు డ్రైవరు రాసి చూపించాడు. దీపం ఎందుకు ఎగ్గొడుతోందో చెప్పు. రావద్దు. నా గడప తొక్కొద్దు. కాగితం మీద రాయడం నీకు బాగా వచ్చు కదా, కాగితం మీదే చెప్పు.

ఈ ఉత్తరానికి నాకు మూడు రోజులు పట్టింది. తప్పులుంటే నవ్వుకో.

మీ వదిన మొగుడు

*

బడి వెనక వీధి, మేడ మీద గది
మార్చి 1

అన్నయ్యకి నమస్కారాలు.

కవరు మీద చేతిరాత ఎవరిదో పోల్చుకోలేకపోయాను. లోపల చదివాకే తెలిసింది. రాత గుండ్రంగా ఉంది. నేను నవ్వుకోలేదు.

వదిన సంగతి నాకెవరూ చెప్పలేదు. చెప్పేవాళ్ళని నేనే దూరం చేసుకున్నాను. పడినప్పుడు దెబ్బలేమైనా తగిలాయా? రాయి.

రావద్దన్నావు కనుక ఇక్కణ్ణుంచే చెబుతాను. ముందు తప్పెక్కడుందో తేలాలి. దీపాన్నీ మీటనీ రెండింటినీ ముందు గదిలో పెట్టె పక్కకి తెచ్చుకుని యాభైసార్లు నొక్కు. అన్నిసార్లూ వెలిగితే ఆ రెండూ మంచివే, వాటినిక అనుమానించొద్దు. తర్వాత వాటిని వెనక వరండాలో పెట్టె పక్కకి తీసుకెళ్ళి మళ్ళీ యాభైసార్లు నొక్కు. పక్కనే ఉండి కూడా ఎగ్గొట్టిందంటే గోడల తప్పు కాదు, గాలిలో అందకపోవడమూ కాదు. ముందు నుంచి వెనక్కి వచ్చే దారిలో ఉంది లోపం.

ఇంకొక సంగతి. నీ వైరు పక్కనే కరెంటు వైరేదైనా వెళుతోందా? నీళ్ళ మోటారుదిగానీ, బట్టలుతికే మిషనుదిగానీ? ఉంటే రెండింటినీ జానెడు ఎడంగా జరుపు. మోటారు వేసిన పూటే దీపం ఎగ్గొడుతోందేమో కూడా గమనించు.

ఈ లోపల నువ్వు షెడ్డులో ఎక్కువసేపు ఉండకు అన్నయ్యా. వదిన కనపడే చోట కుర్చీ వేసుకో.

తమ్ముడు

*

షెడ్డు
మార్చి 14

తమ్ముడికి,

ముందు నువ్వడిగినదానికి జవాబు. తుంటి మీద కమిలింది, తగ్గింది. ఎముకలకేం కాలేదు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ముందు గదిలో యాభైకి యాభై వెలిగాయి. వెనక వరండాలో, పెట్టె పక్కనే పెడితే, యాభైకి నలభై ఒకటి. మోటారు ఆపితే నలభై ఎనిమిది. సున్నంముక్కతో గోడ మీద గీతలు గీసి మరీ లెక్కపెట్టాను. గోడ పాడుచేశావని మీ వదిన కళ్ళతోనే తిట్టింది. ఆవిడ తిట్లకి చెవులక్కర్లేదు.

మోటారు వైరూ నా వైరూ ఒకే మేకుల మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళుతున్నాయి. నేనే అలా కొట్టాను, చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని. మొత్తం పీకి అవతలి గోడ మీదికి మార్చాను. నిచ్చెనెక్కి దిగేసరికి మోకాళ్ళు నావి కాకుండా పోయాయి.

మార్చిన రోజు నుంచి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఒక్కసారి కూడా ఎగ్గొట్టలేదు. మీ వదిన మంచినీళ్ళకి నొక్కుతుంది, కిటికీ తలుపుకి నొక్కుతుంది, ఊరికే నేనున్నానా లేదా అని కూడా నొక్కుతుంది. వెళ్ళి ఏంటని అడిగితే ఏం లేదని చెయ్యి ఊపుతుంది. నలభై నాలుగేళ్ళ కాపురంలో నన్నిన్నిసార్లు ఎప్పుడూ పిలవలేదు.

బాగైపోయిందని అమ్మాయికి చెప్పేశాను. షెడ్డులోకి కూడా తిరిగొచ్చాను. ఆఫీసులో నిన్ను కళ్ళజోడు అనేవాళ్ళం. కళ్ళజోడు బుర్ర ఇంకా పనిచేస్తోందని ఒప్పుకుంటున్నాను. అంతకుమించి ఏమీ ఒప్పుకోవడం లేదు.

ఒకటి అడుగుతాను. నేను మొదటి ఉత్తరంలో నా వైరు గురించి అంత రాశాను. రంగుల వరసతో సహా రాశాను. నువ్వు దాని గురించి ఒక్క ముక్కా అనలేదు. పని బాగుందా లేదా? బాగుంటే బాగుందని రాయడానికి నీ కలం అరిగిపోదు.

అన్న

*

మేడ మీద గది
మార్చి 19

అన్నయ్యకి నమస్కారాలు.

వదినకి ఎముకలేవీ విరగలేదని చదివి ఊపిరి పీల్చుకున్నాను. తొమ్మిది రోజులు ఎగ్గొట్టకపోవడం మంచి మాటే.

వైరు లాగిన తీరు శుభ్రంగా ఉండి ఉంటుంది. నీ చేతిపని నాకు తెలియనిదా.

అయితే ఒక్క విన్నపం. మోటారు ఆపినా యాభైలో రెండు తప్పాయన్నావు. ఆ రెండూ నాకు నచ్చలేదు. కొట్లో ప్లగ్గులు బిగించి సిద్ధంగా ఉన్న వైరు దొరుకుతుంది. ముప్పై మీటర్లది ఒకటి తెచ్చి, నీ వైరు స్థానంలో వేసి చూడు. తప్పుందని కాదు. ఈ రోజుల్లో అందరూ అదే వాడుతున్నారు, పని తొందరగా అయిపోతుంది. నీ మోకాళ్ళకీ శ్రమ ఉండదు.

వదిన ఊరికే పిలిచినా వెళుతుండు.

తమ్ముడు

*

షెడ్డు
మార్చి 24

తమ్ముడికి,

కొట్టు వైరా?

ముప్పై ఒక్క ఏళ్ళు కేబుళ్ళు కలిపినవాణ్ణి, నా ఇంట్లో నా పెళ్ళాం మంచం దగ్గరికి కొట్లో బిగించిన వైరు వేసుకోమంటావా? ఏ మిషనో నొక్కి పారేసిన ప్లగ్గుని నమ్మాలి, నా వేళ్ళని నమ్మకూడదు, అంతేగా? "తప్పుందని కాదు" అంటూ రాశావు. తప్పు లేకపోతే మార్చడం దేనికి? ఉంటే ఎక్కడుందో చెప్పు. ఆఫీసులో కూడా నువ్వింతే. ఉందనవు, లేదనవు, నీళ్ళు నములుతూ నిలబడతావు. కాగితం దొరికితే మాత్రం రాసేస్తావు.

పందొమ్మిది రోజులుగా దీపం వెలుగుతోంది. ఇక నీ సలహాలు అక్కర్లేదు. నీ ఉత్తరాలు మీ వదిన అడిగితే చూపించాను. దాచమని సైగ చేసింది. దిండు కింద పెట్టాను. అది ఆవిడ ఇష్టం.

అన్న

*

ముందు గది
మార్చి 29

దీపం నిన్న వెలగలేదు.

బట్టల మిషను వెనక వరండాలో, రెండో పెట్టె కిందే ఉంటుంది. ఇన్నాళ్ళూ నేను ఆమె పక్కనున్నప్పుడే దాన్ని తిప్పేవాణ్ణి. నిన్న నేనే బట్టలు వేసి, తిప్పి, షెడ్డులోకి వెళ్ళాను. మధ్యాహ్నం మూడు గంటలు. మిషను తిరుగుతున్నంతసేపూ ఆమె నొక్కుతూనే ఉందట. ఎదురుగా దీపం పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కసారీ వెలగలేదు. మిషను ఆగాక వెలిగింది. ఒకసారి వెలిగి ఆగిపోయింది.

వెళ్ళేసరికి మంచం పక్కన పడి ఉంది. కుడిచెయ్యి కింద ఆనించుకుంది. మణికట్టు దగ్గర రెండు ఎముకలు విరిగాయి. బాగున్న చెయ్యి అది ఒక్కటే.

పిండికట్టు ఏడు వారాలన్నారు. అమ్మాయి సాయంత్రం తీసుకెళ్ళిపోయింది. పలక మీద ఏమీ రాయలేదు. రాస్తే బాగుండేది.

*

మేడ మీద గది
ఏప్రిల్ 3

అన్నయ్యా,

ఇది చదివాక నువ్వు నాకు మళ్ళీ రాయకపోవచ్చు. అయినా రాయాలి. నెల కిందటే రాయాల్సింది.

నీ వైరులో తప్పుంది. నీ మొదటి ఉత్తరంలో రంగుల వరస చదవగానే నాకు తెలిసింది.

టెలిఫోనులో జత పక్కన జత పెట్టడం సరైన పనే. ఈ ప్లగ్గులో అలా కుదరదు. ఇందులో వెళ్ళే కబురు ఒకటో పిన్ను, రెండో పిన్ను మీద వెళుతుంది. వచ్చే కబురు మూడో పిన్ను, ఆరో పిన్ను మీద వస్తుంది. కనుక మూడూ ఆరూ ఒకే జతలోవి కావాలి. ఒక జతని విడదీసి, మధ్యలో ఇంకో జతని పెట్టాలి. నువ్వు వరసగా పెట్టడంతో మూడో పిన్నుకి నారింజ జతలో తీగ, ఆరో పిన్నుకి ఆకుపచ్చ జతలో తీగ వచ్చాయి. ఒకదానితో ఒకటి మెలిక లేని తీగలు చుట్టుపక్కల మోటార్ల గోలంతా లోపలికి లాక్కుంటాయి. బల్బు కట్టి చూస్తే ఎనిమిదీ వెలుగుతాయి, ఎందుకంటే ఏ తీగా తెగలేదు. పెట్టె మీద పచ్చదీపమూ వస్తుంది. గోల పెరిగినప్పుడు మాత్రం కబురు చేరదు.

మోటారు వైరు దూరం జరపమన్నది అందుకే. కొట్టు వైరు వేయమన్నదీ అందుకే. నువ్వు తెలుసుకోకుండానే బాగైపోవాలని చూశాను. సరైన వరస ప్లగ్గుల సంచిలో చీటీ మీద అచ్చువేసి ఉంటుంది. "అన్నయ్యా, ఆ చీటీ చదివావా" అని అడగాలి. ఆ మాట రాయడానికి నాలుగుసార్లు కాగితం తీసుకున్నాను. పద్నాలుగేళ్ళ కిందట అలాంటి మాటే రాసినవాణ్ణి, మళ్ళీ అదే నా చేత్తో ఎలా రాయను? నా మొహమాటానికి వదిన చెయ్యి విరిగింది.

పాత సంగతి కూడా చెప్పేస్తాను. కొత్త కేబుల్ వేసినప్పుడు ఏ జత ఏ నంబరుకి కలపాలో కాగితం చూసి నేను చదవాలి, గోతిలో కూర్చుని నువ్వు కలపాలి. పదేళ్ళు అలాగే చేశాం. ఆ రోజు నేను అక్కడ లేను. ప్రమోషను పరీక్షకి పేరు ఇచ్చుకోవడానికి ఆఫీసుకి వెళ్ళాను. గంటలో వస్తానన్నవాణ్ణి మూడు గంటల తర్వాత వచ్చాను. అప్పటికి గొయ్యి పూడ్చేశారు. ఒక పూటంతా ఆసుపత్రికి చేసిన ఫోన్లు బట్టల కొట్టుకి వెళ్ళాయి. విచారణలో నన్ను రాసిమ్మన్నారు. నేను లేనని రాస్తే నా పరీక్ష పోతుంది. అందుకని నీకు చదవడం రాదని రాశాను. అది నిజమే కదా, అబద్ధం రాయలేదు కదా అని ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను.

సరైన వరస వేరే కాగితం మీద రంగు పెన్సిళ్ళతో గీసి పెడుతున్నాను.

తమ్ముడు

*

మేడ మీద గది
ఏప్రిల్ 20

అన్నయ్యా,

పదిహేడు రోజులైంది. తిట్టయినా రాయి. వదిన ఎలా ఉందో ఒక్క ముక్క రాయి.

తమ్ముడు

*

ముందు గది
మే 6

తమ్ముడికి,

నెల రోజులు రాయలేదు. కోపం తగ్గాలని ఆగలేదు. నా తప్పు నేను రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

నువ్వు అక్కడ లేవని నాకు తెలీదనుకున్నావా? గోతిలో ఉన్నది నేనే కదా, తలెత్తి చూస్తే నువ్వు కనపడవని నాకు తెలీదా? విచారణలో నన్నూ అడిగారు, నీ తమ్ముడు పక్కనే ఉన్నాడా అని. ఉన్నాడన్నాను. బయటికొచ్చాక నువ్వు రాసింది చదివి వినిపించారు. నాకు మంట అక్కడ. నీకోసం నేను అబద్ధం చెబితే, నామీద నువ్వు నిజం రాశావు.

కానీ నేనూ ఒకటి దాచాను. మీ వదినకి కూడా చెప్పలేదు. వెళుతూ నువ్వు ఆగమన్నావు. "నేను వచ్చేదాకా చెయ్యి పెట్టకన్నయ్యా" అన్నావు. కాగితం గొయ్యి అంచున రాయి కింద పెట్టి వెళ్ళావు. నేను పదినిమిషాలు ఆగాను. పైన నలుగురు కూలీలు నిలబడి చూస్తున్నారు. తమ్ముడొచ్చి చదివితే గానీ ఈయన కలపలేడా అన్నట్టుంది వాళ్ళ చూపు. ఎవరూ ఏమీ అనలేదు, నాకే అలా అనిపించింది. కాగితం తీసి చూశాను. అంకెలు తెలిశాయి, మాటలు తెలియలేదు. పాత వరసే అయ్యుంటుందని మొదలుపెట్టాను.

స్టోరులో కూర్చున్న ఆ నాలుగేళ్ళూ సాయంత్రాలు మీ వదిన నా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది. మా అమ్మాయి చిన్నప్పటి పలక మీద. ఇప్పుడు నాకు రాసి చూపించేదీ అదే పలక. ఆమె దిద్దించిన చెయ్యే ఇప్పుడు పిండికట్టులో ఉంది.

ప్లగ్గుల సంచిలో చీటీ ఉంది. నువ్వు చెప్పింది నిజం. మొదటి రోజే చూశాను. నాకు నేర్పడానికి వీళ్ళెవరని చెత్తబుట్టలో వేశాను. అప్పుడు గోతిలో ఉన్న రోజు నాకు చదవడం రాదు. ఇప్పుడు వచ్చు, అయినా చదవలేదు. రెండింటిలో ఏది పెద్ద తప్పో నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక నీ సంగతి. నిన్ను వదిలేశాననుకోకు. మొదటి ఉత్తరంలోనే "నీ వరస తప్పు" అని మూడు మాటలు రాసుంటే సరిపోయేది. నేను తిట్టేవాణ్ణి. కాగితం చింపేవాణ్ణి. నాలుగు రోజులు మూతి ముడుచుకుని, ఐదో రోజు ప్లగ్గు కోసి చూసేవాణ్ణి. నన్ను నువ్వు ఎరగవా? నా పరువు కాపాడాలని చూశావు. మంచం మీదున్న మనిషికంటే నా పరువు ఎక్కువైంది నీకు. నాకూ అంతేననుకో.

నువ్వు రంగులు గీసిన కాగితం పక్కన పెట్టాను. కొత్త ప్లగ్గుల సంచి తెచ్చి, అందులో చీటీ తీసుకుని, ఒక మధ్యాహ్నమంతా కూర్చుని వేలు పెట్టి చదివాను. తెలుపు నారింజ, నారింజ. తెలుపు ఆకుపచ్చ. తర్వాత నీలం, తెలుపు నీలం. అప్పుడు ఆకుపచ్చ. ఆఖరున తెలుపు గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జతని విడదీశాను. పెద్దమేస్త్రి ఉంటే వాయించేవాడు. రెండు కొసలూ కోసి మళ్ళీ బిగించాను. తర్వాత నీ కాగితంతో సరిచూసుకున్నాను. రెండూ ఒకటే.

కిందటి ఆదివారం అమ్మాయి మీ వదిన చీరలకోసం వచ్చింది. దాన్ని కూర్చోబెట్టి చెప్పాను. పెట్టె తప్పు కాదు, దీపం తప్పు కాదు, రెండుసార్లూ నేను బిగించిన కొసల తప్పేనని. అది పలక తీసుకుంది. "అమ్మ రోజూ కట్టులోంచి వేళ్ళతో మంచం కోడు తడుముతోంది, మీట ఉందేమోనని" అని రాసింది. చెరిపి మళ్ళీ రాసింది. "పదహారున కట్టు విప్పుతారు. పద్దెనిమిది ఆదివారం అమ్మని తీసుకొస్తాను. దీపం మీద నాకు నమ్మకం కుదిరితే ఇక్కడే ఉంటుంది. కుదరకపోతే సాయంత్రం నాతోనే వచ్చేస్తుంది, ఇక మళ్ళీ అడగొద్దు." బాగైంది, నేను చూశాను అన్నాను. "నువ్వొక్కడివే చూస్తే నమ్మను. మార్చిలో కూడా బాగైందనే అన్నావు" అని రాసింది.

అదీకాక ఒక్కణ్ణే చూడలేను కూడా. మీట ఆ చివర, దీపం ఈ చివర. నొక్కి పరిగెత్తుకొచ్చేలోగా దీపం ఆరిపోతుంది. రెండూ ఒకచోట పెట్టుకుని చూస్తే అది ఆమె మంచం కాదు, నా షెడ్డూ కాదు. పక్కింటివాళ్ళని పిలిస్తే నాలుగుసార్లు నొక్కి, వెలిగిందిలే తాతా అని వెళ్ళిపోతారు. ఏం గమనించాలో వాళ్ళకి తెలీదు.

అందుకని నువ్వు రావాలి.

పదిహేడు, శనివారం పొద్దుటి బస్సుకి రా. వెనక గదిలో మీ వదిన మంచం మీద పడుకుని, ఆమె ఎలా నొక్కుతుందో అలా కుడిచేత్తో రెండు వందలసార్లు నొక్కు. మోటారు వేసి ఉంచుతాను, బట్టల మిషను తిప్పుతాను. నేను షెడ్డులో దీపం ముందు కూర్చుంటాను. నువ్వు నొక్కినవి నీ కాగితం మీద రాసుకో, వెలిగినవి నేను నా పలక మీద గీసుకుంటాను. అయ్యాక రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఆదివారం అమ్మాయి అడిగితే జవాబు నువ్వు చెప్పాలి, నేను కాదు. రెండు వందలకి ఒక్కటి తగ్గినా తగ్గిందనే చెప్పు. నా మొహం చూడకు. తగ్గిందంటే మీ వదిన దాని ఇంట్లోనే ఉంటుంది. సామాను నేనే సర్ది పంపిస్తాను.

నువ్వు వస్తున్నావో లేదో నేను గురువారం అమ్మాయికి చెప్పాలి. కాబట్టి పద్నాలుగు, బుధవారం టపాలో నీ జవాబు నాకు అందాలి. వస్తాను, రాను, రెండింటిలో ఒక మాట రాయి. చూద్దాం, వీలుంటే, ప్రయత్నిస్తాను అంటూ రాశావంటే రాలేదనే లెక్క వేసుకుంటాను. బుధవారం.

అన్న